సంక్రాంతికి హైదరాబాద్‌లోనే ఉంటున్నాం, అమ్మానాన్న ఇక్కడికే వస్తున్నారు, ఏం చూపించమంటారు?

రాజోలు_మియాపూర్:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, హైదరాబాద్ వచ్చి చాన్నాళ్ళైంది గానీ సంక్రాంతికి ఊరెళ్ళకపోవడం అనేది మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఈసారి కనుమ రోజు డ్యూటీ నాకే పడింది, మా ఆఫీసు లెక్కలో భోగి సంక్రాంతి రెండే సెలవులు, కనుమ మామూలు పనిరోజే. ఆ రెండ్రోజుల కోసం విజయవాడ రోడ్లో పంతంగి టోల్ దగ్గర గంటలు గంటలు నిలబడి వెళ్ళి, మళ్ళీ పండగ రాత్రే కారెక్కడం నా వల్ల కాదని మా ఆవిడ తేల్చేసింది. అప్పుడు అమ్మే అంది, మీరు రాకపోతే మేమే వస్తాంలేరా, మనవరాలికి భోగిపళ్ళు అక్కడే పోద్దాం అని.

టికెట్లు చూస్తే భలే అనిపించిందండి. ఇక్కణ్ణుంచి అటెళ్ళే బళ్ళన్నీ అరవై రోజుల ముందు బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే వెయిటింగ్ లిస్టు, అదే పాలకొల్లులో ఎక్కి ఇటొచ్చే బండికి పండగ ముందు రోజు కూడా కింది బెర్తులున్నాయి, ఎదురు తిరిగి వచ్చేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి.

అసలు సమస్య నాన్నతో. వరిచేలు, కొబ్బరితోట, రాంబాబు కొట్టు దగ్గర అరుగు, ఇదే ఆయన లోకం. సంక్రాంతంటే పొద్దున్నే బరి దగ్గరికెళ్ళి భోజనానికి కూడా ఇంటికి రాని మనిషి (పందేలు కాయడు, చూస్తాడు అంతే, అమ్మ ముందు అలాగే చెప్తాడు). అలాంటాయన్ని తీసుకొచ్చి పండగ మూడ్రోజులూ తొమ్మిదో అంతస్తులో సోఫాలో కూర్చోపెడితే నాకే పాపం అనిపిస్తోంది. మోకాళ్ళ నొప్పులున్నాయి, మెట్లెక్కలేరు, మాల్ అంటే చిరాకు. అమ్మకేమో గొబ్బెమ్మలు ఎక్కడ పెట్టాలి, పేడ దొరుకుద్దా అని ఇప్పట్నుంచే బెంగ. పాపకి మూడేళ్ళు.

పండగకి ఊరంతా ఖాళీ అయిపోయి రోడ్లు బోసిపోతాయని అందరూ అంటారు కదా, ఆ ఖాళీ హైదరాబాద్ నేనెప్పుడూ చూళ్ళేదు. ఇక్కడే ఉండిపోయేవాళ్ళు ఏం చేస్తారు, ఏవి తెరిచి ఉంటాయి, ఏవి ఉండవు, కాస్త చెప్పండి.

తెనాలి_అక్క_కూకట్‌పల్లి:

తమ్ముడూ ముందు కడుపు సంగతి చూసుకో, తిరుగుడు తర్వాత. భోగి ముందు రోజు సాయంత్రానికే కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు షట్టర్ దించేస్తారు, వాళ్ళదీ మన ఊరివైపే కదా. పనమ్మాయి రాదు, వాచ్‌మన్ రాడు, ఇస్త్రీ అతను రాడు, పది నిమిషాల్లో తెస్తాం అనే యాప్‌లు కూడా గంట చూపిస్తాయి, బండి నడిపే పిల్లలంతా ఊళ్ళకి పోతే ఎవరు తెస్తారు. పాలు పెరుగు రెండ్రోజులకి తీసిపెట్టుకో, గ్యాస్ ఇంకోటి ఉందో లేదో చూసుకో, మినప్పప్పు మర్చిపోకు, కనుమ నాడు గారెల్లేకపోతే మీ అమ్మగారు ఊరుకోరు.

పేడకి బెంగ అక్కర్లేదు. మా రైతుబజార్ బయట పండగ ముందు రెండ్రోజులు పేడ ముద్దలు, పిడకల దండలు, రేగిపళ్ళు, చెరుకుగడలు, గుమ్మడిపూలు అన్నీ పెట్టుకుని కూర్చుంటారు. పేడ ముద్దకి డబ్బులివ్వడం ఏవిటని మీ నాన్నగారు అక్కడే గొడవ పెట్టుకుంటారు, ఆయన్ని కాస్త దూరంగా నిలబెట్టు.

భోగి మంట విషయం మాత్రం జాగ్రత్త. అపార్ట్‌మెంట్ ముందు పరిచిన టైల్స్ మీద డైరెక్టుగా వేస్తే వేడికి ఫట్‌మని పగులుతాయి, తర్వాత అసోసియేషన్ వాళ్ళు మెయింటెనెన్స్‌లో కలిపేస్తారు. కింద రెండు తట్టల ఇసక పోసి దాని మీద రేకు పరిచి అప్పుడు కట్టెలు పేర్చండి. పాత ప్లైవుడ్, ప్లాస్టిక్ కుర్చీలు, సోఫా స్పాంజి ఇవన్నీ తెచ్చి పడేసేవాళ్ళుంటారు ప్రతి బ్లాకులో, ఆ పొగ పిల్లలకి మంచిది కాదు, మొహమాటపడకుండా వద్దని చెప్పాలి. నాలుగున్నరకే వేసెయ్యండి, ఆ టైముకి చలి బాగుంటది. మా కాలనీలో మిగిలిపోయిన ఐదారు కుటుంబాలు అక్కడే కలుస్తాం, ఏడాదంతా లిఫ్టులో తల దించుకుని ఫోన్ చూసుకునే వాళ్ళు కూడా ఆ రోజు టీ ఫ్లాస్కులు పట్టుకుని దిగుతారు.

భోగిపళ్ళు సాయంత్రం పోయండి. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, చామంతి రేకులు, నానబెట్టిన శెనగలు, చిల్లర. చిల్లర అంటే గుర్తొచ్చింది, ఇప్పుడు ఎవరి దగ్గరా రూపాయి బిళ్ళలు లేవు, ముందే కొట్టువాడి దగ్గర తీసుకో.

ధూల్‌పేట్_డోర్:

అన్నా, సిటీ ఖాళీ అయితది అని ఎవలు చెప్పిన్రు మీకు? కూకట్‌పల్లి, మియాపూర్, మాదాపూర్ ఖాళీ అయితది. మా దిక్కు జర రాండ్రి, మంగళ్‌హాట్, ధూల్‌పేట్, గుల్జార్‌హౌజ్, గా రెండ్రోజులు అడుగు పెట్టనీకి జాగుండదు. మనుషులంత కింద ఉండరు, బిల్డింగుల మీద ఉంటరు, గందుకే రోడ్డు మీద పోయేటోళ్ళకి సిటీ ఖాళీగున్నట్టు కొడ్తది. మీరు జూడాల్సింది రోడ్డు కాదు, పైకి జూడాలె.

మీ నాయినకు పతంగి చేతికియ్యుండ్రి, మోకాళ్ళ నొప్పున్నా ఏం గాదు, కుర్చేసుకొని గూసొని ఎగిరేసే పెద్దమనుషులు మా గల్లీల మస్తు మంది. మీ అపార్ట్‌మెంట్‌ల టెర్రస్‌కి లిఫ్ట్ పోతదేమో జూస్కో. పతంగులు మాత్రం యాప్‌ల కొనకు. గుల్జార్‌హౌజ్ కాడ పండుగకు వారం ముందు నుంచి దుకాణాలు పెడ్తరు, డజన్ల లెక్కన తీస్కో. కొనేటప్పుడు ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి జూడు, కాయితానికి చిల్లులుంటయ్. నడిమి పుల్లను కొద్దిగ వంచి జూడు, ఒక పక్కకే వంగుతుంటే గది గుండ్రంగ తిరుగుడే గని పైకి వోదు.

కన్నెలు, గదే పతంగికి ముడేసే దారాలు, కట్టుడు రాకపోతే ఎన్ని పతంగులున్నా దండగ. పుల్లలు రెండు కలిసే కాడ రెండు చిల్లులు, కింద తోక దిక్కు రెండు చిల్లులు, దారం దూర్చి ముడేసి రెండు దారాలు సమానంగ లాగి జూడాలె. గాలి గట్టిగుంటే పై దారం జర పొట్టిగ వెట్టాలె. దుకాణమోడే కట్టిస్తడు కొంచెం ఎక్కువ తీస్కొని, సిగ్గుపడకుండ కట్టించుకో.

ఇగ మాంజా, గదే పతంగులు కోసే దారం. చైనా మాంజా అని నైలాన్ది అమ్ముతరు సాటుకు, ముట్టకుండ్రి. 2017ల గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంత బంద్ వెట్టింది దాన్ని, అయినా అమ్మేటోడు అమ్ముతనే ఉన్నడు. గది తెగదు, చెట్లకు పడ్తది, పిట్టల రెక్కలు కోస్తది, బండి మీద పోయేటోని మెడ కోస్తది. కాటన్ సద్ది దారం తీస్కోండ్రి, పేంచ్‌ల, గదే ఒకరి పతంగి ఒకరు కోసుకునే ఆటల, ఓడిపోతరు, ఓడిపోతే ఏమైతది, ఇంకో పతంగి ఎగిరేయుండ్రి. పొద్దుగాల్ల, పొద్దూకినంక పిట్టలు గూళ్ళకు తిరిగే టైముల ఎగిరెయ్యకుంటే మంచిది.

పక్క బిల్డింగోని పతంగి కోస్తే "అఫా!" అని ఒర్లాలె. మీ నాయినకు గది నేర్పిస్తే సోఫా యాదికే రాదు.

బైక్_బాబాయ్:

నేను కావాలనే ఊరెళ్ళని బ్యాచ్ అండి. ఒంగోలు మాది, మా అమ్మ తిడతానే ఉంటది, నేను మాత్రం సంక్రాంతి ముందో వారం తర్వాతో వెళ్ళొచ్చి ఆ మూడ్రోజులూ ఇక్కడే ఉంటా. ఎందుకంటే సంవత్సరంలో ఇంకెప్పుడూ దొరకని హైదరాబాద్ అప్పుడే దొరుకుద్ది. మామూలు రోజు అమీర్‌పేట మైత్రీవనం సిగ్నల్ దాటడానికి పాట ఒకటి పూర్తయిపోద్ది, భోగి రోజు పొద్దున అక్కడ కుక్కలు రోడ్డు మధ్యలో ఎండ కాచుకుంటా పడుకుని ఉంటాయి, హారన్ కొడితే తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంటాయి. సిగ్నల్ లైట్లు మాత్రం ఎవరూ లేకపోయినా ఎరుపు పచ్చ ఎరుపు పచ్చ మారతానే ఉంటాయి.

మీ నాన్నగారు రైతు అంటున్నారు కాబట్టి టూరిస్టు ప్లేసులు పక్కనపెట్టి భోగి ముందు రోజు తెల్లారుజామున గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కి తీసుకెళ్ళండి. మెహదీపట్నం దగ్గర. బంతి, చామంతి కుప్పలు కుప్పలు పోసి ఉంటాయి, మూటల మీద మూటలు దిగుతా ఉంటాయి, బేరాలు అరుపులు. ఏ రైతుకైనా ఇంకొకళ్ళ పంట రేటు తెలుసుకోవడం కంటే పెద్ద కాలక్షేపం లేదు, మా నాన్న అక్కడ చేవెళ్ళ వైపు నుంచొచ్చిన ఒకాయనతో నీళ్ళు, బోర్లు, మందుల ఖర్చు అంటా గంటసేపు మాట్లాడి ఫోన్ నంబర్ కూడా తీసుకున్నాడు, ఇప్పటికీ మాట్లాడుకుంటారు ఇద్దరూ. మెట్లు లేవు, నడక కూడా తక్కువే.

అక్కణ్ణుంచి చార్మినార్ వెళ్ళిపోండి, మామూలుగా కారు పెట్టుకోవడానికి చోటుండదు, పొద్దున్నే అయితే దగ్గరదాకా పోవచ్చు. అక్కడ నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, కుర్చీలుండవు నిలబడి తాగాలి, నాన్నగారికి కార్లోకే తెచ్చిచ్చెయ్యండి. 1591లో కట్టిన దాని ఎదురుగా తొక్కిసలాట లేకుండా చాయ్ తాగడం అనేది మామూలు ఆదివారం కుదిరే పని కాదు.

పైకెక్కేవి వద్దు, గోల్కొండ అస్సలు వద్దు ఆ మోకాళ్ళతో. సాలార్‌జంగ్ మ్యూజియం అయితే లోపల కూర్చోవడానికి బెంచీలుంటాయి, ఆ గడియారం దగ్గర గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, పన్నెండింటికి వెళ్తే పన్నెండు సార్లు కొడుతుంది కదా అని జనం అప్పుడే చేరతారు. పాపకి నచ్చుద్ది. శుక్రవారం మూసేస్తారు, పండగ రోజు ఉంటదో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

ఇంకొకటి, ఖాళీ రోడ్లు కదా అని బైక్ మీద ఫ్లైఓవర్ ఎక్కి లాగిస్తారు కుర్రాళ్ళు. ఆ మూడ్రోజులూ గాల్లో దారాలు వేలాడతా ఉంటాయి, పైన చెప్పిన మాంజానే. నేను మెడకి మందం మఫ్లర్ చుట్టి నలభై దాటకుండా పోతా. కారుంటే కార్లోనే వెళ్ళండి.

రాజోలు_మియాపూర్:

అందరికీ థాంక్సండి, ఇంత రాస్తారని అనుకోలేదు. నిన్న రాత్రి ఫోన్లో నాన్నకి చెప్పా, పతంగులు అనగానే "నాకేవన్నా మతిపోయిందేంట్రా ఈ వయసులో" అన్నాడు, పూలమార్కెట్ అనగానే మాత్రం "అక్కడ బంతి కేజీ ఎంతుంటది" అన్నాడు. బాబాయ్ గారూ మీ గురి తప్పలేదు.

అమ్మ అడిగేది ఇంకోటుంది. వాళ్ళ వీధిలో ఒకావిడ చెప్పిందంట, హైదరాబాద్‌లో సంక్రాంతికి పెద్ద ఎగ్జిబిషన్ పెడతారు, ఊరంత ఉంటది అని. అది నుమాయిషేనా? నాన్న మోకాళ్ళకి కుదురుతుందా? అలాగే సిటీ దాటి ఒక పూట వెళ్ళొచ్చే చోటేదైనా ఉంటే చెప్పండి, విజయవాడ రోడ్ తప్ప.

నాంపల్లి_బస్తీ:

అదే నుమాయిష్. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌ల. 1938ల ఏడో నిజాం టైముల పబ్లిక్ గార్డెన్స్‌ల మొదలైంది, తర్వాత ఇక్కడికి మారింది. దీని మీద వచ్చిన పైసల్‌తోని ఎగ్జిబిషన్ సొసైటీ వాళ్ళు కాలేజీలు నడిపిస్తరు, చానామందికి గా సంగతే తెల్వదు, టికెట్ రేటు పెంచినప్పుడు తిట్టుకుంట పోతరు.

నేను పుట్టింది గ్రౌండ్ వెనక గల్లీలనే, మాకు జనవరి అంటే మైకుల "ఫలానా పిల్లగాడు తప్పిపోయిండు, ఆఫీసు కాడికి రాండ్రి" అని అరుపులు వినుకుంట పండుకునుడే. మీ పాప చెయ్యి ఇడువకుండ్రి, జేబుల మీ ఫోన్ నంబర్ రాసిన కాయితం పెట్టుండ్రి.

సంక్రాంతి నాడు ఆంధ్రోళ్ళు పోతరు గని మిగిలిన సిటీ అంత గాడికే వస్తది, రాత్రి ఏడు దాటితే భుజాలు రాసుకుంట నడవాలె. పెద్దమనిషి ఉన్నడు కాబట్టి సాయంత్రం గేటు తీసిన టైముకే పోయి, పొద్దూకి లైట్లు వెయ్యంగనే ఓ రౌండ్ చూసి బయటపడుండ్రి. కారు తెస్తే పార్కింగ్‌కే పండుగ అయిపోతది. మియాపూర్‌ల మెట్రో ఎక్కితే రెడ్ లైన్ మీద సీదా నాంపల్లి, లేకుంటే తర్వాతి స్టేషన్ గాంధీభవన్, మారే పని లేదు, స్టేషన్‌ల లిఫ్ట్ ఉంటది. గా రోజుల్ల మెట్రోల సీటు కూడా దొరుకుతది మియాపూర్ కాడ, మామూలు రోజుల్ల ఎక్కిన మీకు గది నమ్మబుద్ధి కాదు.

ఏం కొనాలె అంటే కాశ్మీరోళ్ళ దగ్గర శాలువలు, లక్నో చికన్ బట్టలు. చెప్పిన రేటుకు సగం నుంచి మొదలుపెట్టాలె. మీ అమ్మగారు ఉన్నరు కదా, నేర్పాల్సిన పని లేదు.

సిద్దిపేట_పిల్ల:

సిటీ దాటి పోవాలంటే కొమురవెల్లి పోండ్రి అన్నా! మల్లన్న జాతర సంక్రాంతికే షురూ అయితది, ఉగాది దాక ఆదివారాలు ఆదివారాలు నడుస్తది. రాజీవ్ రహదారి మీదికెల్లి పోవుడు, మీరు భయపడే విజయవాడ రోడ్డుకు సంబంధమే లేదు. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారాన్ని పట్నం వారం అంటరు, పట్నం అంటే హైదరాబాదే, సిటీ యాదవులు అంత బోనాలెత్తుకొని గా రోజే వస్తరు. పసుపు బండారితోని నేల మీద పట్నాలు, గదే పెద్ద ముగ్గులు, వేస్తరు, ఒగ్గు పూజారులు డోలు కొట్టుకుంట మల్లన్న కథ చెప్తరు. మీ నాయిన బరి కాడ గంటలు గంటలు నిలబడ్తడు అన్నరు కదా, గాడ ఒగ్గు డోలు సప్పుడు ఇంటే కదలడు సూడుండ్రి. కాకపోతే పట్నం వారం నాడు జనం ఇరగబడి ఉంటరు, మోకాళ్ళు నొప్పంటే మామూలు వారం పోండ్రి, గుట్టకు తొలిచిన గుడి, జర మెట్లున్నయ్ చూసుకొని.

అందరు ఆంధ్ర పండుగ ఆంధ్ర పండుగ అని రాస్తున్నరు గని మాకు కూడ సంక్రాంతి ఉంది. మేము కోడిపందాలు ఆడం, కనుమకు గంత పెద్ద హడావిడి ఉండదు, కని సకినాలు లేకుంటే మాకు పండుగ గాదు. మీ అమ్మగారికి అరిసెలు వచ్చు కదా, గామెకు సకినాలు చూపియ్యుండ్రి, ఒక పూట గడిచిపోతది. కొత్త బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దుగాల నీళ్ళు వంచి గుడ్డ మీద ఆరబోసి, తడి పోకముందే పిండి పట్టియ్యాలె. వాము, నువ్వులు, ఉప్పు, గంతే, కారం ఉండదు. ఉతికిన పాత బట్ట పరిచి దాని మీద వేళ్ళ నడుమ పిండి మెలిపెట్టుకుంట గుండ్రంగ చుట్టలు తిప్పాలె, మూడు నాలుగు చుట్లు. సూడనీకి అల్కగనే ఉంటది, తిప్పుతుంటే తెలుస్తది, పిండి జర గట్టిగుంటే తెగుతది, జర పల్సగైతే పరుచుకుంటది. కొంచెం ఆరినంక పళ్ళెంతోని లేపి నూనెల జారవిడువాలె. ఎర్రగ గాల్సొద్దు, తెల్లగనే తియ్యాలె. కొన్ని పచ్చిపచ్చిగ తీసి కారం నూనె పెట్టుకొని అప్పుడే తినాలె, గది దుకాణంల దొరకదు, ఇంట్ల చేసుకునేటోళ్ళకే దక్కుతది.

మా గొబ్బెమ్మలకు కూడ నవధాన్యాలు, రేగుపండ్లు, గరక పెడ్తం. మీ అమ్మగారు, కింద ఫ్లోర్ల ఎవరన్న మా దిక్కు అత్తమ్మ ఉంటే ఇద్దరిని కల్పుండ్రి.

నైట్_డ్యూటీ_సిస్టర్:

అందరూ ప్రశాంతం ప్రశాంతం అంటుంటే చిన్న మాట. నేను హాస్పిటల్లో పని చేస్తా, ప్రతి సంక్రాంతి డ్యూటీనే. ఖాళీ రోడ్డు మీద స్పీడు, మాంజా కోతలు, డాబా అంచున పతంగి వెనక్కి నడుచుకుంటూ పడిపోయే పిల్లలు, భోగి మంటలో పెట్రోల్ పోసి చేతులు కాల్చుకున్నవాళ్ళు, ప్రతి ఏడూ వస్తూనే ఉంటారు. పాపని డాబా మీదకి తీసుకెళ్తే పిట్టగోడ ఎత్తు చూసుకుని, పతంగి ఎగరేసే మనిషి వేరు, పాపని పట్టుకునే మనిషి వేరు ఉండేలా చూసుకోండి, రెండూ ఒకళ్ళే చెయ్యొద్దు. మీ నాన్నగారి మందులు పండగకి ముందే తెచ్చిపెట్టుకోండి, మీ వీధి మెడికల్ షాపతను కూడా ఊరెళ్ళిపోతాడు.

మాకు మాత్రం ఆ మూడ్రోజులు ఆటో డ్రైవర్లు ఎంత అడిగితే అంత. ఉన్నవాళ్ళే తక్కువ.

తెనాలి_అక్క_కూకట్‌పల్లి:

సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయా తమ్ముడూ, నువ్వు ఊరెళ్ళట్లేదని ఎవరికీ చెప్పకు. చెప్పావో మీ ఫ్లోర్లో నాలుగు ఫ్లాట్ల తాళాలు, ఎనిమిది బాల్కనీల మొక్కలు, ఒక చేపల తొట్టి, ఒక పిల్లి అన్నీ నీ నెత్తినే. పోయినేడు పక్కింటావిడ చిలకని నాకప్పగించి పోయింది, అది మూడ్రోజులూ వాళ్ళాయన గొంతుతో నన్ను "టీ" అడిగింది.

దొంగల భయం ఉన్నదే కాబట్టి రాత్రిళ్ళు ఒకసారి కారిడార్లో లైటు వేసి తిరిగి రా, అది చాలు.

ధూల్‌పేట్_డోర్:

@సిద్దిపేట_పిల్ల పచ్చి సకినాల మాట ఎత్తి నోరు ఊరించినవ్ పో.

@రాజోలు నాయిన మతిపోయిందా అన్నడా? బేఫికర్. ఓ సారి చర్ఖా, గదే దారం చుట్టుండే చక్రం, ఆయన చేతికిచ్చి పాప పతంగి ఎగిరేస్తది మీరు దారం ఇడువుండ్రి అని చెప్పు. గాలి లాగినప్పుడు దారం వేళ్ళల్లకెల్లి సుర్రుమని పోతది చూడు, గప్పుడు ఎవడైనా వదలడు. ఇంకా జోష్ కావాలంటే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌ల టూరిజమోళ్ళు కైట్ ఫెస్టివల్ పెడ్తరు పండుగ మూడ్రోజులు, దేశదేశాలకెల్లి వస్తరు, బస్సంత పెద్ద పతంగులు ఎగిరేస్తరు, పక్కనే స్వీట్లు. మెట్రో స్టేషన్ గేటు ముంగటనే. మాకైతే గవ్వి పతంగుల లెక్క అనిపియ్యవు, పేంచ్ లేనిది పతంగేంది, కని పాపకు నచ్చుతది.

బైక్_బాబాయ్:

శిల్పారామం కూడా చెప్పడం మరిచారు అందరూ. మాదాపూర్. హరిదాసులు, గంగిరెద్దులు, ముగ్గులు అన్నీ పెడతారు పండక్కి. నాకంత ఇష్టం ఉండదు, గంగిరెద్దుని టికెట్ కొని చూడ్డం ఏంటో. నిజానికి జనవరిలో గంగిరెద్దుల వాళ్ళు మియాపూర్, చందానగర్ కాలనీల్లోకే వస్తారు సన్నాయి ఊదుకుంటా, సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తారు. గేటువాడికి ముందే చెప్పి పెట్టండి, వస్తే లోపలికి పంపమని. మీ అమ్మగారితో చేటలో బియ్యం వేయించండి, పాత చీరేదైనా ఉంటే ఎద్దు మీద కప్పడానికి అడుగుతారు.

రాజోలు_మియాపూర్:

గంగిరెద్దు సంగతి అద్భుతం, సెక్యూరిటీతో ఇవాళే మాట్లాడతా. ప్లాన్ ఇలా అనుకుంటున్నా. భోగి ముందు రోజు తెల్లారుజామున గుడిమల్కాపూర్, అట్నుంచి చార్మినార్ చాయ్. భోగి పొద్దున మంట, సాయంత్రం పాపకి భోగిపళ్ళు. సంక్రాంతి పొద్దున పెద్దలకి పెట్టుకోవడం ఉంది మాకు, అది అయ్యాక డాబా మీద పతంగులు. నుమాయిష్ నాకు వీలు పడ్డ రోజు సాయంత్రం. కనుమ నాడు నేను ఆఫీసులో ఉంటా, నాన్న నాటుకోడి సంగతి తనే చూసుకుంటానన్నాడు, ఎక్కడ కొంటాడో తెలీదు. కొమురవెల్లి మాత్రం అమ్మానాన్న ఊరెళ్ళాక, ఆ వచ్చే వారాల్లో మేమే వెళ్తాం. కింద మూడో అంతస్తులో కరీంనగర్ ఆవిడ ఒకరున్నారు, మా ఆవిడ వెళ్ళి అడిగితే సకినాలకి బియ్యం ఎప్పుడు నానబెట్టాలో తనే వచ్చి చెప్తానందంట.

ఒక్క డౌట్. వాళ్ళ తిరుగు టికెట్ కనుమ తర్వాత రోజుకి తీశా, రష్ ఉంటదా?

నాంపల్లి_బస్తీ:

ఆ రోజు రష్ అంత ఇటు వచ్చేటోళ్ళది, మీ అమ్మానాయిన అటు పోయేటోళ్ళు, బోగీ మొత్తం వాళ్ళదే. స్టేషన్‌కి పంపేటప్పుడు మాత్రం గంట ముందు బయలెల్లుండ్రి, గప్పటికి ట్రాఫిక్ మళ్ళ వచ్చేస్తది. నాటుకోడి కనుమ నాడు పొద్దున కొనుడు పెట్టుకోకుండ్రి, లైన్ చూస్తే మీ నాయిన ఎనకకొస్తడు, ముందు రోజు రాత్రే చెప్పిపెట్టుకోమనుండ్రి.